పాత కారు నేల మీది తారు షీటు తీయాలా? గరాజ్‌లో పని మొదలుపెట్టే ముందు ఇది చదవండి

మా గరాజ్‌లో 1970 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్ ఒకటి ఉంది. డెట్రాయిట్ శివార్లలో మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేస్తానంటే తీసుకున్నాను. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. దానికి లైసెన్స్ వచ్చేలోపు కారు బాగుచేసి ఇస్తానని మాటిచ్చాను.

కొన్న రోజు విజయవాడలో ఉన్న నాన్నకి వీడియో కాల్ చేసి కారంతా తిప్పి చూపించాను. ఆయన ముప్పై ఏళ్ళు అంబాసిడర్ నడిపిన మనిషి. ఆటోనగర్‌లో ఆయనకి తెలియని షెడ్డు లేదు. రంగు చూడలేదు, ఇంజన్ అడగలేదు. "కాళ్ళ కింద కార్పెట్ ఎత్తి చూపించరా" అన్నారు. ఎత్తాను. నల్లగా, గట్టిగా, చక్కగా పరిచి ఉంది. "బాగానే ఉంది కదా నాన్నా" అన్నాను. "అది తారురా. రేకు ఏదీ?" అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు నాలుగు వారాంతాలు పట్టింది. మధ్యలో ఒక ప్రమాదకరమైన పొరపాటు కూడా చేశాను. నాకు తెలిసిన మన వాళ్ళే ముగ్గురు పాత కార్లు కొని ఇదే పని మొదలుపెడుతున్నారు. అందుకే తెలుసుకున్నదంతా ఒకచోట రాస్తున్నాను.

ఏమిటీ నల్ల పొర?

దీన్ని సౌండ్ డెడెనర్ అంటారు. పాత కార్లలో ఇది ఎక్కువగా తారు, అంటే బిటుమెన్‌లో ఖనిజాల పొడి కలిపి చేసిన షీటు. ఫ్యాక్టరీలో నేల రేకు మీద పరిచి వేడి చేస్తే కరిగి రేకుకి అతుక్కుపోతుంది.

అది చేసే పని అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్ళండి. ఖాళీ స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడితే ఖంగుమని మోగుతుంది. పళ్ళెం అడుగున చపాతీ పిండి ముద్ద అంటించి కొట్టండి, టప్పుమని ఆగిపోతుంది. రేకు అదురుని ఆ ముద్ద మింగేస్తుంది. తారు షీటు కూడా అంతే. బయటి చప్పుడుకి అది గోడలా అడ్డం నిలబడదు. రేకు మోగకుండా చూస్తుంది, అంతే.

బీటిల్‌లో ఇది కాళ్ళ కింద, వెనక సీటు కింద, వెనక సామాన్లు పెట్టుకునే గుంటలో, ఇంజన్‌కి అడ్డంగా ఉండే రేకు మీద కనబడుతుంది. మీది వేరే కారైతే చోట్లు మారతాయి గానీ సరుకు ఇంచుమించు ఇదే.

ఎందుకు తీయాలి?

యాభై ఏళ్ళలో తారు ఎండిపోతుంది, పగుళ్ళు వస్తాయి. కిటికీ రబ్బర్ల నుంచి కారిన వాన నీళ్ళు, బూట్లతో లోపలికి వచ్చిన మంచు ఆ పగుళ్ళలోంచి కిందికి దిగుతాయి. మిషిగన్ లాంటి చోట్ల రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా మంచుతో పాటే వస్తుంది. కిందికి వెళ్ళిన తడి పైకి ఆరదు. పైన పొర నున్నగానే ఉంటుంది, అడుగున రేకు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తుంటుంది.

బీటిల్‌లో ఇంకో చిక్కుంది. బ్యాటరీ వెనక సీటు కింద కుడివైపు ఉంటుంది. దశాబ్దాల పాటు చిందిన యాసిడ్, దాని ఆవిరి ఆ చుట్టుపక్కల రేకుని తినేస్తాయి. ఈ కారు కొనేవాళ్ళు మొట్టమొదట చూడాల్సిన చోటు అదే.

ముందు సీట్ల పట్టాలు నిలబడేది ఈ నేల మీదే. అంటే పిల్లలు కూర్చునే సీటుని పట్టుకుని ఉన్నది ఈ రేకే. షీటు గట్టిగా అతుక్కుని, అంచులు కూడా లేవకుండా, అడుగు నుంచి చూసినా రేకు శుభ్రంగా ఉంటే మొత్తం పీకనక్కర్లేదు. ఎక్కడైనా తట్టినప్పుడు బోలుగా మోగినా, అంచు లేచినా, కారు కింద పడుకుని చూస్తే తుప్పు కనబడినా మాత్రం తీసి చూడాల్సిందే.

తీసే ముందు నాలుగు పనులు

ఒకటి: ఫోటోలు తీసి, కొలతలు రాసుకోండి. షీటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, నీళ్ళు పోయే కన్నాలు ఎక్కడున్నాయో తర్వాత గుర్తుండదు.

రెండు: బ్యాటరీ తీసి బయట పెట్టండి. దాని చుట్టూ తెల్లటి పొడి ఉంటే యాసిడ్ అవశేషం అనుకోండి. గ్లోవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని, వంటసోడా కలిపిన నీళ్ళతో కడగండి. పొంగు ఆగేదాకా కడిగి ఆరనివ్వండి.

మూడు: పెట్రోల్ ఎక్కడుందో తెలుసుకోండి. బీటిల్‌లో ట్యాంకు ముందు భాగంలో ఉంటుంది. అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్ళే గొట్టం కారు మధ్య సొరంగంలోంచే పోతుంది. ఆ సొరంగం మీద వేడి పెట్టడం, డ్రిల్లు దింపడం చేయకూడదు.

నాలుగు: షీటు ముక్క ఒకటి ల్యాబ్‌కి పంపండి. ఇది చాలామంది వదిలేస్తారు. వదలకూడదు.

ఆస్బెస్టాస్ సంగతి

మన ఊళ్ళలో రేకుల ఇళ్ళ పైకప్పులకి వాడిన ఆస్బెస్టాసే ఆ రోజుల్లో కొన్ని కార్ల అడుగు పూతల్లో, చప్పుడు తగ్గించే షీట్లలో కూడా కలిపారు. అన్నిట్లో ఉండదు, కొన్నిట్లో ఉంటుంది. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. తారులో బిగిసి ఉన్నంతసేపు అది పెద్దగా గాలిలోకి రాదు. ఎండిన పొరని పగలగొట్టినా, రుద్దినా వస్తుంది. పీల్చిన పోగులు ఊపిరితిత్తుల్లో ఉండిపోతాయి, జబ్బు పదుల ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. అమెరికాలో మన గరాజ్‌లు చాలావరకు ఇంటికి అతికే ఉంటాయి. గరాజ్‌లో లేచిన దుమ్ము బట్టల మీద, చెప్పుల మీద లాండ్రీ రూమ్‌లోకి, అక్కడి నుంచి పిల్లల గదిలోకి వస్తుంది.

నమూనా తీయడం కష్టం కాదు. మాస్క్, గ్లోవ్స్ పెట్టుకోండి. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్ళు స్ప్రే చేసి ఆ చోటు బాగా తడపండి. కత్తితో బొటనవేలి గోరంత ముక్క కోసి జిప్ కవర్లో, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టండి. కోసిన చోట టేపు అంటించండి. అమెరికాలో నావ్‌లాప్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లు మైక్రోస్కోప్ కింద చూసి చెబుతాయి. నాకు రెండు చోట్ల ముక్కలకి కలిపి ఒక పిజ్జా పార్టీ ఖర్చు కూడా కాలేదు. ఫలితం "లేదు" అని వచ్చింది.

"ఉంది" అని వస్తే కింద రాసిన పద్ధతులేవీ మీ కోసం కాదు. గరాజ్‌కి తాళం వేసి, ఆ పని చేసే లైసెన్స్ ఉన్న వాళ్ళని పిలవండి. డబ్బు ఎక్కువవుతుందనిపిస్తే కారు అమ్మేయండి, కొనేవాళ్ళకి ఆ సంగతి చెప్పి అమ్మండి.

ఇంకో మాట. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు, కార్ల రంగులు ఆ నిషేధంలోకి రాలేదు. కాబట్టి తారు కింద ఉన్న పాత రంగుని ఎండుగా గీకి దుమ్ము లేపకండి.

ఎలా తీయాలి: మూడు దారులు

మొదటిది చేత్తో గీకడం. పగిలి లేచిన చోట పుట్టీ కత్తి దూర్చితే ముక్కలుగా వచ్చేస్తుంది. ముందు ఇలా వచ్చేదంతా తీసేయండి, డబ్బు ఖర్చు లేదు.

రెండోది వేడి. హీట్ గన్‌తో వెచ్చబెట్టి, మెత్తబడ్డాక గీకడం. గోరు నొక్కితే దిగేంత మెత్తబడితే చాలు. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైందని లెక్క, ఆ పొగ పీల్చకూడదు. నిలువు రేకుల మీద, మూలల్లో ఇది పనికొస్తుంది. పెట్రోల్ ట్యాంకు దగ్గర, వైర్ల దగ్గర వద్దు. మంట వచ్చే టార్చ్ ఎక్కడా వద్దు.

మూడోది చలి. డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. దాని చల్లదనం మైనస్ 78 డిగ్రీల సెల్సియస్. అంత చలికి తారు గాజులా పెళుసవుతుంది. స్టీలు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి అతుకు దానంతటదే ఊడుతుంది. బల్లపరుపుగా ఉన్న నేలకి దీన్ని మించింది లేదు.

డ్రిల్లుకి తీగల బ్రష్ తగిలించి రుద్దడం మాత్రం చేయకండి. రాపిడి వేడికి తారు కరిగి అంతటా పులుముకుంటుంది, మిగిలింది దుమ్మై లేస్తుంది.

నేను చేసిన పొరపాటు

అది జనవరి. బయట మంచు. కిరాణా దుకాణంలో 25 పౌండ్ల డ్రై ఐస్ కొని తెచ్చి, చలికి భయపడి గరాజ్ తలుపు మూసేసి పని మొదలుపెట్టాను. మాస్క్ పెట్టుకున్నాను కాబట్టి ఫర్వాలేదనుకున్నాను. అరగంటకి తలనొప్పి. వంగి పనిచేస్తున్నాను కదా, నడుము పట్టేసి ఆయాసం వస్తోందనుకున్నాను. మా ఆవిడ టీ తీసుకుని లోపలి తలుపు తీసింది. "ఏమండీ, పరిగెత్తి వచ్చినట్టు ఆ రొప్పుడేంటి?" అంటూనే గోడ మీది బటన్ నొక్కి పెద్ద తలుపు తెరిచేసింది. బయట మంచులో పది నిమిషాలు నిలబడ్డాక గానీ ఊపిరి మామూలుగా రాలేదు. టీ చల్లారిపోయింది.

ఆ రాత్రి లెక్క వేశాను. 25 పౌండ్లంటే 11 కిలోల పైనే. ఒక కిలో డ్రై ఐస్ ఆవిరైతే సుమారు 540 లీటర్ల వాయువు వస్తుంది. మొత్తం కలిపితే 6 ఘనపు మీటర్లు. మా గరాజ్ ఆరు మీటర్ల పొడవు, ఆరు వెడల్పు, రెండున్నర ఎత్తు. అంటే 90 ఘనపు మీటర్లు. తలుపులు మూసి ఉంచి అంతా ఆవిరి కానిస్తే గాలిలో ఆరు శాతం దాటుతుంది. ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదమని అమెరికా సంస్థ నియోష్ చెప్పే స్థాయి నాలుగు శాతం. ఎనిమిది గంటల పనికి ఓషా పెట్టిన సగటు పరిమితి అర శాతం.

పైగా ఆ వాయువు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. పల్లంలో నిలుస్తుంది. కారు లోపలి భాగం తొట్టి లాంటిది, మనం తల వంచి పనిచేసేది ఆ తొట్టిలోనే. దానికి రంగు లేదు, చెప్పుకోదగ్గ వాసన లేదు. దుమ్ము మాస్క్ ఆపదు, రసాయనాల ఆవిరికి వాడే క్యాట్రిడ్జ్ మాస్క్ కూడా ఆపదు. ఇంట్లో గోడకి ఉండే అలారం కార్బన్ మోనాక్సైడ్‌కి మోగుతుంది, దీనికి మోగదు. తలుపు తెరవడం ఒక్కటే దారి.

డ్రై ఐస్‌తో పద్ధతిగా

వీలైతే కారుని గరాజ్ బయటికి, డ్రైవ్‌వేలోకి తోయండి. కుదరకపోతే పెద్ద తలుపు పూర్తిగా ఎత్తి, కారు తలుపులన్నీ తీసి, నేల దగ్గర ఒక ఫ్యాన్ బయటికి ఊదేట్టు పెట్టండి. ఒంటరిగా చేయొద్దు. పిల్లల్ని, కుక్కని లోపలే ఉంచండి. పల్లంలో నిలిచే వాయువు ముందు అందేది వాళ్ళకే.

తెచ్చేటప్పుడు కారు అద్దాలు దించండి. థర్మోకోల్ పెట్టెలో, మూత వదులుగా పెట్టి తెండి. గాలి చొరబడని డబ్బాలో బిగిస్తే పగిలిపోతుంది. మిగిలింది సింకులో పోయొద్దు. ఎవరూ తిరగని చోట ఆరుబయట వదిలేస్తే అదే పోతుంది.

మందపాటి చలి గ్లోవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోండి. డ్రై ఐస్‌ని పాత టవల్‌లో చుట్టి సుత్తితో చితక్కొట్టండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు చోట ఒక అంగుళం మందాన పరిచి, పైన పాత దుప్పటి కప్పండి. పది పదిహేను నిమిషాల్లో చిటపటలు వినబడతాయి. ముక్కల్ని పక్క చోటికి తోసి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. అప్పడంలా పగులుతుంది. పుట్టీ కత్తిని పడుకోబెట్టి తోస్తే పెచ్చులు లేచివస్తాయి. గట్టిగా బాదకండి, అడుగున ఉన్నది ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉండే పల్చటి రేకు. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు చల్లబరచండి.

రెండోసారి తలుపు తెరిచి, స్వెట్టర్ మీద జాకెట్ వేసుకుని చేశాను. రెండు గంటల్లో ముందు భాగం నేల మొత్తం తేలింది. చల్లబడిన రేకు మీద గాలిలో తేమ నీరుగా దిగుతుంది. వెంటనే గుడ్డతో తుడిచి ఆరబెట్టకపోతే మర్నాటికి ఎర్రటి తుప్పు పూత కనబడుతుంది.

మిగిలిన జిగురు

పెచ్చులు పోయాక రేకు మీద పల్చటి నల్ల మరక ఉంటుంది. మినరల్ స్పిరిట్స్‌లో తడిపిన గుడ్డ పరిచి కాసేపు నాననిచ్చి తుడిస్తే పోతుంది. మన షెడ్లలో ఏది తుడవాలన్నా పెట్రోలే. ఇక్కడ ఆ అలవాటు మానుకోండి. చాలా ఇళ్ళలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది, దానిలో మంట ఉంటుంది. మినరల్ స్పిరిట్స్ వాడినా సరే, ఆ పని ఆరుబయటే చేయండి. తడి గుడ్డల్ని ముద్ద చేసి పడేయకుండా బయట పరిచి ఆరనివ్వండి.

క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడొద్దు. దాని తడి మిగిలిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద క్లోరిన్ లేదని రాసి ఉన్నదో లేదో చూసి కొనండి.

తీసిన తారు పెచ్చుల్ని, మిగిలిన ద్రావకాన్ని ఎక్కడ వేయాలో మీ కౌంటీ వాళ్ళని అడగండి. ద్రావకాన్ని కాలవలో పోయకూడదు. ఇళ్ళలోని ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రాలు చాలా కౌంటీల్లో ఉంటాయి.

రేకు బయటపడ్డాక

ఇప్పుడు నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. ఎడమవైపు నేల మెరిసింది. కుడివైపు, బ్యాటరీ కింద, తారు పెచ్చు లేపగానే దానితో పాటే రేకు కూడా వచ్చేసింది. ముందు రూపాయి బిళ్ళంత కన్నం. స్క్రూడ్రైవర్‌తో చుట్టూ పొడుస్తూ పోతే, గట్టి రేకు తగిలేసరికి అది నా అరచేయి కంటే పెద్దదైంది. ఆ కన్నానికీ మా అమ్మాయి వెనకాల కూర్చోబెట్టుకుని తిప్పుదామనుకున్న స్నేహితురాలికీ మధ్య అన్నేళ్ళూ ఉన్నది తారు షీటే.

పైపైన ఎర్రబారిన తుప్పయితే తడి చేసి రుద్ది ప్రైమర్ వేయచ్చు. స్క్రూడ్రైవర్ దిగిందంటే ఆ రేకు కోసి కొత్తది వెల్డ్ చేయాలి. ఫైబర్ గుడ్డ, పుట్టీ పెట్టి మూస్తే మళ్ళీ తారు షీటు చేసిన పనే మనమూ చేసినట్టు. బీటిల్‌కి నేల రేకులు సగాలుగా కొత్తవి దొరుకుతాయి. వెల్డింగ్ నాకు రాదు. చేతనైన వాళ్ళకి ఇచ్చి కుడివైపు సగం మార్పించాను. ఇవ్వబోయే ముందు వెల్డ్ చేసే చోటికి చుట్టుపక్కల, అడుగువైపు కూడా తారు లేకుండా చూసుకోండి. అది అంటుకుంటుంది.

మళ్ళీ ఏం వేయాలి?

ముందు ఎపాక్సీ ప్రైమర్, తర్వాత అతుకుల మీద సీమ్ సీలర్, ఆపైన రంగు. అవి ఆరాకే కొత్త డెడెనర్. ఇప్పుడు అల్యూమినియం రేకు అతికించిన బ్యూటైల్ షీట్లు దొరుకుతున్నాయి. నేలంతా పరచాల్సిన పని లేదు. ఒక్కో రేకు మధ్య భాగంలో పావు వంతు నుంచి మూడో వంతు వేస్తే మోత చాలావరకు ఆగుతుంది. నీళ్ళు పోయే కన్నాల్ని మూయకండి. చవగ్గా వస్తుందని ఇంటి పైకప్పుకి వేసే తారు టేపు వేస్తే ఎండకి కరిగి కారంతా వాసన వేస్తుంది. దుబాయ్, కౌలాలంపూర్ ఎండల్లో ఆ సంగతి ఇంకా త్వరగా తెలుస్తుంది.

బీటిల్ ఉన్నవాళ్ళకి ఇంకొక్క మాట. బ్యాటరీ మీద మూత తప్పనిసరి. వెనక సీట్లో బరువుగా కూర్చుంటే సీటు స్ప్రింగులు బ్యాటరీ కొనలకి తగిలి, సీటు అంటుకున్న సందర్భాలు ఈ కారు వాడినవాళ్ళందరికీ తెలిసినవే.

మా కారు ఇంకా పూర్తికాలేదు. ఇంజన్ పని ఉంది, బ్రేకులు ఉన్నాయి. నేల మాత్రం అయింది. ప్రైమర్ వేసిన రోజు మళ్ళీ నాన్నకి వీడియో కాల్ చేసి కార్పెట్ లేని నేల చూపించాను. ఈసారి ఆయన ఇంజన్ గురించి అడిగారు.

మీరు మొదలుపెట్టే రోజున రెండు పనులు మరిచిపోకండి. గరాజ్ పెద్ద తలుపు ఎత్తండి. లోపల ఏం చేస్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి.